పిల్లల్ని బడిలో ఎప్పుడు వేయాలి? ఓరుగల్లు తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్నలు

సంక్రాంతి అయిపోగానే హన్మకొండ రోడ్ల మీద ‘అడ్మిషన్స్ ఓపెన్’ ఫ్లెక్సీలు మొదలవుతాయి. అప్పట్నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా చుట్టాలు, పక్కింటివాళ్లు, మా బడికి వచ్చే తల్లిదండ్రులు నన్ను అడిగేవి దాదాపు ఇవే. నేను ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెప్పే టీచర్ని, డాక్టర్ని కాను, కాబట్టి ఆరోగ్యం సంగతులు వచ్చినచోట మీ పిల్లల డాక్టర్ మాటే ఫైనల్. అన్నీ చదవనక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్లి చదువుకోండి.

## వయసు లెక్కలు

నర్సరీలో వేయడానికి సరైన వయసు ఎంత? ఒక్కమాటలో చెప్పండి.

ఒకటో తరగతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆరు నిండాక ఒకటో తరగతి అనుకుంటే యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు, నర్సరీకి మూడు నిండాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇలాగే, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా పెట్టింది, అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్, తర్వాతి రెండేళ్లు ఒకటి, రెండు తరగతులు. మనవాళ్లు చేసేది దీనికి ఉల్టా. పిల్లవాడు గలగలా మాట్లాడుతున్నాడని రెండున్నరకే నర్సరీలో వేసి అక్కడి నుంచి ముందుకు లెక్కపెట్టుకుంటూ పోతారు, చూస్తుండగానే ఐదున్నరకు ఒకటో తరగతి వచ్చి కూర్చుంటుంది. నర్సరీలో చిన్నవాడు ఉన్నా ఆటపాటల్లో కలిసిపోతాడు. ఆ వయసు తేడా తగిలేది ఒకటో తరగతిలో, బోర్డు మీద చూసి గబగబా రాసుకోవాల్సి వచ్చినప్పుడు.

మన దగ్గర ఐదేళ్లకే ఒకటో తరగతి కదా, ఈ ఆరేళ్ల లెక్క కొత్తగా ఎక్కడిది?

ఐదు నిండితే ఒకటో తరగతి అన్నది తెలంగాణలో ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి, నిజమే. కానీ ఒకటో తరగతికి ఆరేళ్లు నిండి ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో, మళ్లీ 2024 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు లేఖలు రాసింది. కేంద్రీయ విద్యాలయాలైతే 2022-23 నుంచే మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలని పెట్టాయి, కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కినా సుప్రీంకోర్టు దాకా ఆ నిబంధనే నిలిచింది. వరంగల్ కేంద్రీయ విద్యాలయం మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. ఉదాహరణకు 2021 ఏప్రిల్ 20న పుట్టిన పాపకు 2027 మార్చి 31 నాటికి ఆరు నిండవు, 2028 దాకా ఆగాల్సిందే. ప్రైవేటు బడుల్లో తేదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కొందరు మార్చి 31 అంటారు, కొందరు జూన్ అంటారు, అడ్మిషన్ ఫారం కొనే ముందే అడగండి.

మా బాబు ఆగస్టులో పుట్టాడు. రెండు నెలలే తక్కువ, ఈ ఏడాదే వేసేయమంటారా, ఆగమంటారా?

రెండూ చేయొచ్చు కాబట్టే ఇది కష్టమైన ప్రశ్న. ఇప్పుడు వేస్తే క్లాసులో అందరికంటే చిన్నవాడు అవుతాడు, ఆగితే అందరికంటే పెద్దవాళ్లలో ఒకడు అవుతాడు. క్లాసులో చిన్నవాళ్లు మొదటి ఏళ్లలో కాస్త వెనక ఉండడం, ‘కుదురు లేదు’ అని ఎక్కువగా అనిపించుకోవడం చాలా దేశాల్లో గమనించిన విషయమే, పెద్దయ్యేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. నన్నడిగితే బాబు నలుగురిలో కలివిడిగా ఉంటే వేయండి, బెరుకుగా ఉంటే ఆగండి. అటూ ఇటూ తేలకపోతే ఆగడం వైపే మొగ్గుతాను, ఎందుకంటే బడిలో వేశాక కింది క్లాసుకు దించడం కంటే ఇంట్లో ఇంకో ఏడాది ఉంచుకోవడం సులువు. ‘వాళ్ల పిల్లవాడు వీడికంటే చిన్నోడు, అప్పుడే ఎల్‌కేజీ’ అని చుట్టాలు అంటారు. అననివ్వండి.

ఏడాది ఆగితే రేపు ఇంటర్, నీట్ దగ్గర వెనకబడరా?

కోచింగ్ సెంటర్ల ఊరు కదా మనది, మూడేళ్ల పిల్లల అమ్మానాన్నలు కూడా ఈ ప్రశ్న అడుగుతారు. లెక్క చూస్తే తొందరే ఇబ్బంది పెట్టేలా ఉంది. నీట్ రాయాలంటే అడ్మిషన్ జరిగే సంవత్సరం డిసెంబర్ 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. నాలుగేళ్ల నాలుగు నెలలకే ఒకటో తరగతిలో చేరినవాళ్లు ఇంటర్ పూర్తయ్యేసరికి పదహారేళ్ల నాలుగు నెలలు ఉంటారు, ఆ డిసెంబర్‌కు కూడా పదిహేడు నిండవు, ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆరుకు మొదలుపెట్టినవాళ్లు పద్దెనిమిదికి ఇంటర్ ముగిస్తారు, అది లేటు కాదు.

పుట్టిన తేదీ రెండు నెలలు ముందుకు రాయిస్తే సరిపోదా? మా కాలంలో అట్లనే చేసేది.

మీ కాలంలో అందరూ జూన్‌లోనే పుట్టారు, పదో తరగతి మెమోలు చూస్తే తెలుస్తుంది! ఇప్పుడు కుదరదు. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు సవరణ చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా జనన ధ్రువీకరణ పత్రమే పుట్టిన తేదీకి ఆధారం. బడిలో ఒకటి, బర్త్ సర్టిఫికెట్లో ఒకటి ఉంటే ముందుముందు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే.

## ఇంట్లో గమనించాల్సినవి

మా పాపకు ఏబీసీడీలు, వంద దాకా అంకెలు, రైమ్స్ అన్నీ వచ్చు. ఇక సిద్ధమైనట్టేనా?

సంతోషమే కానీ అది నేను చివర చూసే విషయం. అక్షరాలు రాని పిల్లలకు అక్షరాలు నేర్పడానికే మేం ఉన్నాం. ముప్పైమంది ఉన్న గదిలో ఒక టీచర్, ఒక ఆయమ్మ ఉన్నప్పుడు పాపకు నిజంగా అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. దాహమైతే, కడుపు నొస్తే, పక్కవాళ్లు గిచ్చితే కొత్త మనిషికి చెప్పగలగాలి. మాటల్లో కాకపోతే చేయి పట్టుకుని చూపించినా చాలు. డబ్బా మూత తీసుకుని ఒలకబోసుకుంటూనైనా తను తినగలగాలి. ‘చెప్పులు తీసి, లోపలికొచ్చి కూర్చో’ లాంటి రెండు మూడు పనులు కలిపి చెబితే పట్టుకోవాలి. తన వంతు వచ్చేదాకా కాసేపైనా ఆగాలి, ఇది ఏ పిల్లలకూ పూర్తిగా రాదు, కొంచెం ఉంటే చాలు. అన్నిటికంటే ముఖ్యంగా అమ్మ కళ్లముందు లేకపోయినా రెండు మూడు గంటలు గడపగలగాలి. వంద దాకా అంకెలు చెప్పే పాప ‘మిస్, బాత్రూమ్’ అని అడగలేక బట్టలు తడుపుకుని, సిగ్గుతో మర్నాడు బడి అంటేనే ఏడ్చిన సందర్భాలు ప్రతి ఏడాదీ చూస్తాను. అంకెలు రాని పిల్లవాడు మొదటి రోజే ఇసుకలో స్నేహితుణ్ని వెతుక్కుని పోతాడు. నాకు ఆ రెండోవాడితో పని తేలిక.

బాసరలో అక్షరాభ్యాసం అయింది. ఇక బడి ఆపకూడదు అంటోంది మా అత్తమ్మ.

వసంత పంచమి రోజు బాసరలో రెండేళ్ల పిల్లలు కూడా కనబడతారు, మొక్కు ఉంటుంది, వీలు చూసుకుని వెళ్తారు, మంచిదే. అది చదువుకు శుభారంభం అంతే, మర్నాడే బడికి పంపాలనే నియమం ఎక్కడా లేదు. పలకా బలపం ఇంట్లో అందేచోట పెట్టండి, గీతలు గీసుకుంటారు, అత్తమ్మకూ తృప్తిగా ఉంటుంది.

మూడేళ్లు దాటినా మాటలు సరిగా రాలేదు. బడికి పోతే వాటంతట అవే వస్తాయంటున్నారు, నిజమేనా?

కొంతమందికి నలుగురిలో పడ్డాక మాటలు పెరుగుతాయి. కానీ ఆ నమ్మకంతో ఏడాది వదిలేయకండి. మూడేళ్లకు మూడు నాలుగు పదాల వాక్యాలు చెప్పాలి, బయటివాళ్లకు కూడా చాలావరకు అర్థమవ్వాలి. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం ఉంటే వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించి ముందు వినికిడి పరీక్ష చేయించండి. వినబడకపోతే మాట రాదు, చాలామందికి ఇది తట్టదు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద అంగన్‌వాడీ పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఆరోగ్య పరీక్షలు ఉంటాయి, అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ ఫీజు ఉండదు. అలాగని బడి మాన్పించనక్కర్లేదు, రెండూ కలిసి నడవొచ్చు, టీచర్‌కు మాత్రం దాచకుండా చెప్పండి.

ఇంకా డైపర్ వేస్తున్నాం. బడిలో ఒప్పుకుంటారా?

చాలా బడులు ఒప్పుకోవు. ఎక్కువమంది పిల్లలకు పగటి పూట అలవాటు రెండు నుంచి నాలుగేళ్ల మధ్య కుదురుతుంది. రాత్రి పక్క తడపడం ఐదేళ్ల దాకా మామూలే, దానికీ బడికీ సంబంధం లేదు. వేసవి సెలవుల్లో పగలు డైపర్ తీసేసి, గంటన్నరకోసారి తీసుకెళ్లి అలవాటు చేయండి. ఎలాస్టిక్ నిక్కర్లు కొనండి, హుక్కులూ బెల్టులూ ఉన్న జీన్స్ విప్పుకోలేకే సగంసార్లు బట్టలు తడుపుకుంటారు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ మాత్రమే వాడిన పిల్లలు బడిలో ఇండియన్ టాయిలెట్ చూసి భయపడతారు, ఒకసారి చూపించి కూర్చోబెట్టండి.

ఫోన్ చూపిస్తేనే తింటాడు. బడిలో ఎలా?

బడిలో ఫోన్ ఉండదు కాబట్టి మొదటి వారం డబ్బా అలాగే తిరిగొస్తుంది, తర్వాత ఆకలే నేర్పుతుంది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద స్క్రీన్ గంట దాటొద్దని డాక్టర్లు అంటారు. ముందు ఒక్క పూట ఫోన్ లేకుండా తినడం మొదలుపెట్టండి, బాపమ్మలు కొంగు చాటున ఫోన్ ఇచ్చే కార్యక్రమం కూడా ఆపాలి.

బలపం పట్టుకోడు, రాయమంటే పారిపోతాడు. వెనకబడ్డట్టా?

నాలుగేళ్లలోపు అయితే కాదు. మామూలుగా మూడేళ్లకు చూసి గుండ్రంగా గీస్తారు, నాలుగుకు ప్లస్ గుర్తు, నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం, ఐదుకు త్రిభుజం. ‘అ’లోని ఒంపులు చూస్తే, ఆ గీతలు కుదరకముందే దాన్ని రాయమనడం ఎంత తొందరో మీకే తెలుస్తుంది. చపాతీ పిండి పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పూలు అందించడం, ఇవన్నీ వేళ్లకు బలమిచ్చే పనులే.

మేం ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. బడిలో తెలుగు, ఇంగ్లీషు. ముందు భాష నేర్పి పంపాలా?

మహబూబాబాద్, నర్సంపేట వైపు తండాల నుంచి, ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే ఇళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తుంది, వరంగల్‌లో ఉర్దూ ఇళ్ల నుంచి కూడా. ఇంటి భాష మాన్పించకండి. సొంత భాషలో బాగా మాట్లాడే పిల్లలు రెండో భాషను తొందరగానే పట్టుకుంటారు. మొదట్లో కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు తెరవకుండా వింటూ ఉండడం మామూలే. నీళ్లు, అన్నం, బాత్రూమ్, నొప్పి, ఇంటికి లాంటి పదాలు మాత్రం తెలుగులో నేర్పించి పంపండి. మీ భాషలో ఆ పదాలను ఏమంటారో ఒక కాగితం మీద రాసి టీచర్‌కు ఇస్తే ఆమెకు చాలా సాయం చేసినవాళ్లవుతారు.

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. పాప నన్ను క్షణం వదలదు, ఎలా పంపాలి?

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇలాంటి ఇళ్లు ఎన్నో. పాపకు మీరొక్కరే దిక్కు కాబట్టి పట్టుకుంటుంది, అది మొండితనం కాదు. జూన్ కంటే ముందే, మార్చి ఏప్రిల్‌లలో, అమ్మమ్మ దగ్గరో పక్కింట్లోనో గంట వదిలి చెప్పిన టైమ్‌కు తిరిగి రండి. మెల్లగా రెండు గంటలు, తర్వాత ఒక పూట చేయండి. చెప్పకుండా జారుకోవద్దు, ఒక్కసారి జారుకుంటే తర్వాత బాత్రూమ్‌కు పోయినా వెంట పడుతుంది. నాన్న సెలవు మీద వచ్చిన వారంలోనో, తిరిగి వెళ్లిన వారంలోనో బడి మొదలుపెట్టకండి.

## బడి వెతికేటప్పుడు

అంగన్‌వాడీకి పంపితే ప్రైవేటు నర్సరీ పిల్లల కంటే వెనకబడతారా?

కేంద్రాన్ని బట్టి ఉంటుంది, ప్రైవేటు బడి కూడా బడిని బట్టే ఉంటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం అంగన్‌వాడీ పనుల్లో ఒకటి, భోజనం, గుడ్డు అక్కడే పెడతారు, ఇంటికి దగ్గర, ఫీజు లేదు. టీచర్ రోజూ వస్తుందా, పాటలు కథలు నడుస్తాయా అని రెండు పూటలు చూసి రండి. 2025-26 నుంచి కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనూ ప్రీప్రైమరీ మొదలైంది, మీ ఊరి బడిలో ఉందో లేదో జూన్‌లో బడిబాటకు వచ్చే టీచర్లను అడగండి. ఇరుకు గదిలో రోజంతా రాయించే ప్రైవేటు నర్సరీ కంటే నవ్వుతూ పాట పాడించే అంగన్‌వాడీ టీచర్ వెయ్యిరెట్లు నయం.

ఇంటర్వ్యూ ఉందన్నారు. పిల్లవాడికి ఏం నేర్పించి తీసుకెళ్లాలి?

పొద్దున తినిపించి, నిద్ర పూర్తయ్యాక తీసుకెళ్లండి, అంతకు మించి ఏమీ వద్దు. విద్యాహక్కు చట్టం 2009, 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయకూడదు, డొనేషన్ తీసుకోకూడదు. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసం రాసింది, అందుకే ఎల్‌కేజీ దగ్గర కొన్ని బడులు ‘జస్ట్ ఇంటరాక్షన్’ అంటాయి. పేరు అడిగి, రంగులు చూపిస్తే సరే. మూడున్నరేళ్ల వాడితో పేపర్ రాయించారంటే లోపల ఏడాదంతా ఏం జరుగుతుందో మీకు అక్కడే అర్థమైపోయినట్టు.

బడి చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

ఏసీ, డిజిటల్ బోర్డు వాళ్లే చూపిస్తారు. మీరు టాయిలెట్ చూడండి, అందులో నీళ్లు వస్తున్నాయా చూడండి. ఎల్‌కేజీ గది ఏ అంతస్తులో ఉంది, మెట్లకు గ్రిల్ ఉందా, ఏప్రిల్ ఎండకు ఆ గది ఎలా ఉంటుంది, ఒక సెక్షన్‌లో ఎంతమంది, ఆయమ్మలు ఎంతమంది అని అడగండి. పిల్లలు ఇంటర్వెల్‌కు బయటికొచ్చే టైమ్‌లో వెళ్తే ఇంకా మంచిది, వాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోతుంది.

మంచి బడి హన్మకొండలో ఉంది, మేం ఉండేది పరకాల దగ్గర. వ్యాన్‌లో పంపొచ్చా?

మూడేళ్ల పిల్లలకు వద్దు. వ్యాన్ ఊళ్లన్నీ తిరిగి వెళ్లేసరికి గంట, వచ్చేటప్పుడు ఇంకో గంట, ఈ వయసు పిల్లలకు రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి, పొద్దున ఆరింటికి లేపితే అది ఎక్కడ సరిపోతుంది? ఎల్‌కేజీ, యూకేజీ దగ్గర్లో చదివించి ఒకటో తరగతికి మార్చండి. ఆటోలో డ్రైవర్ పక్కన వేలాడుతూ పోయే సంగతి గురించైతే నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

## మొదటి వారాలు

రోజూ ఏడుస్తున్నాడు. మాన్పించేయమంటారా?

గేటు దగ్గర ఏడ్చి, లోపలికి వెళ్లిన పది నిమిషాలకు ఆడుకుంటున్నాడంటే అది మామూలు ఏడుపు, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. ముద్దు పెట్టి, ‘అన్నం తిన్నాక వస్తా’ అని చెప్పి వెనక్కి చూడకుండా వచ్చేయండి. పిల్లలకు గంటలు తెలియవు, అన్నం తెలుసు. కిటికీలోంచి తొంగి చూసే నాన్నలే మాకు పెద్ద సమస్య. నెలన్నర దాటినా లోపల కూడా రోజంతా ఏడుస్తుంటే, తిండి మానేస్తే, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే, మానిన పక్క తడిపే అలవాటు తిరిగొస్తే ఆలోచించాలి. టీచర్‌తో కూర్చుని మాట్లాడండి, ఎవరైనా కొట్టారా, బెదిరించారా మెల్లగా కనుక్కోండి. సగం పూట పంపి చూడండి. అయినా కుదరకపోతే ఆపి ఆరు నెలల తర్వాత పంపితే ప్రపంచం మునిగిపోదు.

బడికి పోయినప్పట్నుంచి నెలకోసారి జ్వరం, జలుబు. బడి పడలేదా?

మొదటి ఏడాది ఇంతే. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలని డాక్టర్లు చెబుతారు, జూలై వానల్లో వరసగా వస్తాయి. టీకాలు ఏవైనా మిగిలాయేమో కార్డు చూడండి, ఐదేళ్ల తర్వాత వేయించే డీపీటీ బూస్టర్ చాలామంది మర్చిపోతారు. జ్వరం ఉన్న రోజు సిరప్ పట్టించి పంపకండి, దయచేసి.

ఎల్‌కేజీకే రెండు పేజీల హోంవర్క్ ఇస్తున్నారు. చేయించాలా?

2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ప్రీప్రైమరీ పిల్లలకు బ్యాగే ఉండకూడదు, రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దు. డైరీలో ‘ఇంట్లో పది నిమిషాలు మించి చేయించం’ అని మర్యాదగా రాసి పంపండి. నలుగురు తల్లులు కలిసి రాస్తే తగ్గిస్తారు. ఎక్కువ హోంవర్క్ కావాలని అడిగే తల్లిదండ్రులే ఎక్కువమంది ఉంటారని మాత్రం టీచర్‌గా చెప్పక తప్పదు.

## ఒకటో తరగతి ముందు

యూకేజీ అయిపోయింది, ఐదేళ్ల రెండు నెలలే ఉన్నాయి. మళ్లీ యూకేజీ చదివించాలా?

చదవడం రాయడం బాగానే ఉండి, బడికి హుషారుగా పోతుంటే అలాగే పంపొచ్చు. పెన్సిల్ పట్టుకుంటే చేయి నొప్పి అంటున్నా, సగం క్లాసులో అలిసిపోతున్నా ఇంకో ఏడాది యూకేజీనే మేలు, ఇప్పుడైతే ఆ వయసుకు తేడా కూడా తెలియదు. వీలైతే వేరే సెక్షన్‌లోనో వేరే బడిలోనో వేయండి. ఇంట్లో మాత్రం ‘ఫెయిల్’ అన్న మాట ఎవరి నోటా రావద్దు, సరదాకు కూడా.

టీచర్ ‘కుదురుగా కూర్చోడు, హైపర్’ అంటోంది. నిజంగా సమస్యా?

ఐదేళ్ల పిల్లవాడు నలభై నిమిషాలు కదలకుండా కూర్చోకపోవడం సమస్య కాదు. ముందు వాడి పుట్టినరోజు చూడండి, క్లాసులో అందరికంటే చిన్నవాడైతే టీచర్ పోల్చేది తనకంటే పది నెలలు పెద్దవాళ్లతో. ఇంట్లో, గుడిలో, పెళ్లిలో, అమ్మమ్మ ఊళ్లో, ఎక్కడైనా ఇలాగే ఉంటున్నాడా, కథ చెబితే కాసేపైనా వింటాడా? అన్నిచోట్లా ఒకేలా ఉండి, నిద్ర కూడా సరిగా లేకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. బడిలో మాత్రమే అయితే ఆ క్లాసులో ఆటకు ఎంత టైమ్ ఇస్తున్నారో అడగండి.